వాగ్దానం కార్డులో లేని మాట

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక మా చర్చిలో ఒక పళ్లెం తిరుగుతుంది. అందులో వాగ్దానం కార్డులు బోర్లించి ఉంటాయి. కళ్లు మూసుకుని, లోపల చిన్న ప్రార్థన చేసుకుని ఒకటి తీయాలి. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. తీసినవాళ్లు తీసినట్టే ట్యూబులైటు కిందికి పోయి చదువుకుంటారు. "నీకేమొచ్చింది?" "ఆశీర్వదిస్తానని వచ్చింది. నీకో?" "భయపడొద్దని." కూతురి పెళ్లి కుదరని తల్లికి, బోరు ఎండిపోయిన రైతుకు తగిన మాట వస్తే అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నేను నవ్వడం లేదు. నేనూ పెట్టుకున్నవాణ్ణే. మా ఇంట్లో క్యాలెండరు పక్కన అలాంటి కార్డులు పదకొండు వరసగా అంటించి ఉన్నాయి.

మొన్న జనవరిలో ఆ కార్డుల దుమ్ము తుడుస్తూ ఒక్కొక్కటే చదివాను. పదకొండేళ్లలో నాకు ఒక్క ప్రశ్న కూడా రాలేదని అప్పుడు తట్టింది. బైబిలు తెరిస్తే ఆదికాండం మూడో అధ్యాయంలోనే దేవుడు ఆదామును ఎక్కడున్నావని అడుగుతాడు. నాలుగో అధ్యాయంలో కయీనును నీ తమ్ముడెక్కడని అడుగుతాడు. ఈ రెండూ ఏ కార్డు మీదా అచ్చు కావు. అచ్చేసినా కొనేవాళ్లుండరు. కొత్త సంవత్సరం పూట పళ్లెంలో చెయ్యిపెట్టి తమ్ముడి ఆచూకీ చెప్పమనే కార్డు తీసుకోవాలని ఎవరికుంటుంది? నాకైతే అసలుండదు. నాకొక తమ్ముడున్నాడు. మా ఇద్దరికీ మాటల్లేక ఆరేళ్లు.

కారణం చింతచెట్టు. పుంగనూరు దగ్గర మా నాయన మిగిల్చిపోయిన నేలను ఇద్దరం పంచుకున్నప్పుడు గెట్టు మీద చెట్టు మిగిలిపోయింది. మొదలు నా వైపు, కొమ్మలు వాడి వైపు. కాయ ఎవరిదో కాగితంలో రాయలేదు. ఒక ఏడాది నేను లేనప్పుడు వాడు దులిపించి అమ్మేశాడు. ఆ డబ్బు ఎంతో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ రోజు మాత్రం రాజ్యం పోయినంత పని చేశాను.

కార్డులు తుడిచిన వారానికి మా అవ్వ బైబిలు సంచిలో వేసుకుని మదనపల్లెలో హార్స్లీ హిల్స్ బస్సెక్కాను. ఎవరన్నా అడిగితే ఉపవాస ప్రార్థనకని చెప్పాలనుకున్నాను. ఎవరూ అడగలేదు. అంగళ్లు దాటాక బస్సు కొండెక్కడం మొదలుపెడుతుంది. 4,000 అడుగుల పైచిలుకు ఎత్తు. కింద చెమట పట్టిన చొక్కా పైకి పోయేసరికి చలికి వీపుకంటుకుంటుంది. 1860ల కాలంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్లీ ఈ చల్లదనానికి మురిసి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. హార్స్లీ పేరే కొండకు నిలిచిపోయింది. అంతకుముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల మధ్య పెరిగి, కొండజనానికి వైద్యం చేసి, ఒకనాడు కనపడకుండా పోయిన మల్లమ్మ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. బోర్డు మీద ఒక పేరు, లోపల ఇంకో పేరు. కొండకే కాదు, మనుషులకూ ఉంటుందిది.

నీలగిరి చెట్ల వాసనలో నడుచుకుంటూ పోయి గాలిబండ మీద కూర్చున్నాను. పేరుకు తగ్గట్టే అక్కడ గాలి మనిషిని తోస్తుంది. బైబిలు తెరిస్తే కాగితాలు వాటంతటవే తిరిగిపోతున్నాయి. ఒక చేత్తో అదిమిపట్టుకుని చదవడం మొదలుపెట్టాను. చదివింది మాత్రం వాక్యం కాదు, నా గీతలు.

నేను బడిపంతులుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. పెన్సిలు లేకుండా ఏదీ చదవలేను. ఇరవై ఏళ్లుగా ఈ బైబిలులో వాక్యాల కింద గీతలు గీసి, పక్కన ఒక్కో అక్షరం వేసుకుంటూ వచ్చాను. "హె" అంటే మా పాత హెడ్మాస్టరు. "పా" అంటే పాస్టరుగారు. "బా" అంటే మా బావమరిది. సామెతల గ్రంథంలో సోమరిపోతు గురించి ఉన్నచోటల్లా "బా". పరిసయ్యుల మీద యేసు మండిపడిన చోటల్లా "పా". నాలుక అదుపు గురించి యాకోబు రాసినదంతా మా ఆవిడకి అంకితం. ఆమె అక్షరం చెప్పను, ఈ పత్రిక ఆమె కూడా చదువుతుంది. ఆరేళ్లుగా వేసిన గీతల్లో ఎక్కువ పాలు "త". త అంటే తమ్ముడు.

మత్తయి ఏడో అధ్యాయం దగ్గర ఆగాను. సహోదరుడి కంట్లో నలుసు వెతికేవాడు తన కంట్లో దూలాన్ని చూసుకోడని యేసు ఎత్తిపొడిచే చోటు. అక్కడ ఒకటికి రెండు గీతలు గీసి ఉన్నాను. పక్కన అక్షరం "త".

గాలిబండ మీద ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. కాసేపటికి ఆ నవ్వు ఆగింది. పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పి చూశాను. నా పేరు మొదటి అక్షరం ఎక్కడా లేదు. ఊరందరి పేపర్లూ దిద్దాను, నా పేపరు కట్టలో కలపనే లేదు.

ఈ బైబిలు అవ్వది. అవ్వకు చదువు రాదు. వయసులో ఉన్నప్పుడు క్షయ పట్టుకుంటే ఆమెను ఆరోగ్యవరంలో చేర్చారు. మదనపల్లె పక్కన 1912లో పలు మిషన్లు కలిసి నెలకొల్పిన క్షయ శానిటోరియం అది. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ దొర దాన్ని నిలబెట్టాడు. మంచి మందులు రాని కాలం. గాలి, విశ్రాంతి, తిండి, ఓపిక, ఇవే వైద్యం. నెలల తరబడి మంచం మీద పడుకున్నవాళ్లకు ఎవరో ఒకరు వాక్యం చదివి వినిపించేవాళ్లట. అవ్వ బైబిలంతా చెవితోనే నేర్చుకుంది. కథల్లో ఎక్కడన్నా ఒక మాట వదిలేసి చదివితే పట్టేసుకునేది.

చిన్నప్పుడు సాయంత్రం పూట ఆమెకు చదివి వినిపించడం నా వంతు. అయిపోగానే ఒకే మాట అడిగేది. "బాగా సదివినావు. ఇందులో నువ్వెవురు నాయినా?"

తప్పిపోయిన కుమారుడి కథ చదివిన రోజు నేను చిన్నకొడుకునని చెప్పాను. అందరూ అదే చెబుతారు. ఆ కథలో చిన్నకొడుక్కి విందు, ఉంగరం, కొత్త బట్టలు ఉన్నాయి మరి. అవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు యాడికి పోయినావురా? ఇల్లిడిసింది లేదు, ఆస్తి తగలబెట్టింది లేదు. పెద్దోణ్ణి సూడు. ఇంట్లోనే ఉండి, గొడ్డులాగా పనిజేసి, లెక్కలు రాసిపెట్టుకున్నాడే, వాడు." నాకు కోపమొచ్చింది. పెద్దకొడుకు మంచివాడే కదా అన్నాను. "మంచోడే. అందుకే లోపలికి పోలా," అంది.

ఆరోగ్యవరంలో ఆమెకు మొదటిసారి ఎక్స్‌రే తీసిన సంగతి కూడా కథలాగే చెప్పేది. "రొమ్ము బొమ్మ తీసినారు. నా లోపల ఏముండాదో అన్నాళ్లూ నాకే తెల్లేదు. డాక్టరు పక్క మంచమామె బొమ్మ నాకు సూపించలా. నాది నాకు సూపించినాడు." ఆత్మపరీక్ష గురించి అరవై ఏళ్లుగా నేను విన్న ప్రసంగాల్లో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. నేను ఇరవై ఏళ్లుగా పక్క మంచాలవాళ్ల ఎక్స్‌రేలు తెరిచి పెట్టుకుని వాళ్ల జబ్బులు చదువుతున్నాను.

వాక్యం మనిషి లోపలికి ఎలా దిగుతుందో సమూయేలు రెండో గ్రంథం పన్నెండో అధ్యాయంలో ఉంది. దావీదు ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో ముందు వరసలో పెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి నేరుగా నేరం మోపలేదు, కథ చెప్పాడు. మందలున్న ధనవంతుడొకడు పేదవాడికున్న ఒకే ఒక్క గొర్రెపిల్లను లాక్కుని అతిథికి వండిపెట్టాడని. దావీదు మండిపడ్డాడు. అలాంటివాడు చావాలన్నాడు, నాలుగింతలు చెల్లించాలన్నాడు. తీర్పు పూర్తిగా ఇచ్చాక నాతాను వేలు చూపించాడు, ఆ మనిషివి నువ్వేనని.

ఆ మనిషి ఎవరో తెలియనంతసేపూ దావీదు గొప్ప న్యాయమూర్తి. మనమూ అంతే. పరాయివాడి కథలో మన న్యాయబుద్ధికి పదునెక్కువ. వాక్యాన్ని అక్కడిదాకా చదివి, వేలు చూపించే ముందు పుస్తకం మూసేస్తే జీవితాంతం దావీదులాగా సింహాసనం మీదే కూర్చోవచ్చు. నేను చేసింది అదే. అవ్వ అడిగే ప్రశ్న నాతాను వేలు లాంటిది. అది రాకముందు చదివిందంతా పరాయి కథే.

దీనికి ఎదురు వాదన ఆ కొండ దిగువనే ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడి ఇక్కడే. తన కోసం ఒక పెద్ద సంఘాన్నే కట్టి జగద్గురువుగా నిలబెడితే, 1929లో దాన్ని తన చేతులతోనే రద్దుచేసిన మనిషి ఆయన. నిన్ను నువ్వు చూసుకోవడానికి ఏ గ్రంథాన్నీ, ఏ గురువునీ ఆసరా చేసుకోవద్దంటాడు. తోటి మనుషులతో మన సంబంధాలే అద్దమంటాడు. కొట్టిపారేయలేని మాట. గ్రంథం అడ్డుతెర కాగలదని నా పెన్సిలు గీతలే సాక్ష్యం. కానీ ఆ అద్దం సంగతి నాకు బాగా తెలుసు. తమ్ముడితో సంబంధం అనే అద్దంలో ఆరేళ్లు చూశాను, తమ్ముడి తప్పులే కనిపించాయి. అద్దాన్ని కూడా మనకు కావలసిన వైపుకే తిప్పుకుంటాం. గ్రంథంలో నాకు పనికొచ్చిన గుణం ఒక్కటే. అందులో నేను రాయని మాటలున్నాయి, నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. మా అవ్వలాగా నాకు అడ్డం చెబుతుంది.

తెలుగు బైబిలు ఆత్మపరీక్షకు మనకు రెండు మంచి మాటలిచ్చింది. ఈ మాటల వెనక చాలామంది కష్టముంది. విశాఖపట్నంలో జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. ఒకరు 1809లో, ఒకరు 1810లో కన్నుమూశారు. మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. తర్వాత ఎన్ని సవరణలో. మా మదనపల్లెలో కాపురమున్న అమెరికా మిషనరీ డాక్టరు జేకబ్ చాంబర్లెన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడు. 1908లో ఈ ఊళ్లోనే పోయాడు. రోగులను చూసిన చేత్తోనే మాటలనూ పట్టి చూసిన మనిషి.

ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న పాత అనువాదంలో పాపి దేవుడివైపు తిరగడానికి వాడిన మాట "మారుమనస్సు". యూదా ఇస్కరియోతు ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చేటప్పుడు అతని స్థితికి వాడిన మాట "పశ్చాత్తాపం". మూలమైన గ్రీకులోనూ ఇవి వేరువేరు మాటలే, ఒకటి మెటనోయియా, ఇంకొకటి మెటమెలోమై. తెలుగులో ఆ తేడా ఇంకా తేటగా పలుకుతుంది. పశ్చాత్ తాపం, అంటే పని జరిగిపోయాక లోపల పుట్టే మంట. మారుమనస్సులో మంట సంగతి లేదు, మార్పు సంగతే ఉంది. పేతురూ ఏడ్చాడు, యూదా కూడా కుమిలిపోయాడు. ఏడుపులో ఇద్దరికీ తేడా లేదు. యూదా ఆ మంటలోనే కాలిపోయాడు. పేతురు ఒడ్డున నిలబడి, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగించుకున్నాడు. మూడుసార్లూ జవాబు చెప్పాడు. మూడుసార్లూ అతనికి గొర్రెలు మేపే పని అప్పగించారు.

నాకు పశ్చాత్తాపం చాలాసార్లు వచ్చింది. నెలకోసారి వస్తుంది. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేముందు ఎవరికివారు పరీక్షించుకోవాలని పౌలు కొరింథువాళ్లకు రాసిన మాట పాస్టరుగారు చదవగానే తమ్ముడు గుర్తొస్తాడు, గుండె బరువెక్కుతుంది. రొట్టె, ద్రాక్షారసం తీసుకుని బయటికొచ్చి చెప్పులు వేసుకునేసరికి దిగిపోతుంది. కోతపండుగ నాడు మొదటి గుమ్మడికాయ నాదే ఉండాలని బలిపీఠం ముందు పెట్టాను. అర్పణ అక్కడే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మని యేసు చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు. ఆ గుమ్మడికాయను వేలంలో నేనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మధ్యాహ్నానికి గాలి పెరిగింది. కాగితాలు తిరిగిపోయి రాజుల మొదటి గ్రంథం దగ్గర ఆగాయని చెబితే బాగుంటుంది కానీ అది అబద్ధం. గాలి చూసి నాకే ఏలీయా గుర్తొచ్చి పంతొమ్మిదో అధ్యాయం తీశాను. కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, చెట్టు కింద పడి చావు కోరుకుని, నలభై రోజులు నడిచి హోరేబు కొండ గుహలో దూరాడు. దేవుడు అడిగాడు, నీకిక్కడ పనేమిటని. ఏలీయా చెప్పుకున్నాడు. నేనెంత రోషంతో సేవచేశాను, వాళ్లెంత చెడిపోయారు, నేనొక్కణ్ణే మిగిలాను, నన్నూ చంపబోతున్నారు. అప్పుడు బండలు పగిలేంత గాలి వచ్చింది, అందులో దేవుడు లేడు. భూకంపంలో లేడు. మంటలో లేడు. ఆ తర్వాత మెల్లని స్వరం. ప్రసంగాలన్నీ సాధారణంగా ఇక్కడ ఆగిపోతాయి. ఆ మెల్లని స్వరం ఏమందో అంతగా పట్టించుకోం. అది మళ్లీ పాత ప్రశ్నే వేసింది. ఏలీయా కూడా పాత జవాబే చెప్పాడు. ఒక్క ముక్క మారలేదు.

ఈ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ రెండు జవాబులూ ఒకటేనని ఆ రోజే కంటపడింది. గాలీ భూకంపమూ మంటా చూసినవాడు కూడా తన ఫిర్యాదును మార్చుకోలేదు. ఎందుకంటే అది కంఠతా వచ్చిన ఫిర్యాదు. నాకూ ఒకటుంది. "నేను అన్నను, వాణ్ణి చదివించాను, వాడి పెళ్లికి అప్పుచేశాను, చివరికి చింతకాయల దగ్గర..." ఆరేళ్లుగా ఎవరడిగినా ఇదే వరస, ఇవే మాటలు, ఇదే చోట నిట్టూర్పు. ప్రార్థనలో దేవుడికి చెప్పినప్పుడు కూడా కామా మారలేదు.

"ఇందులో నువ్వెవురు నాయినా?"

దేవుడు ఏలీయాతో వాదించలేదు, ఓదార్చనూ లేదు. వచ్చిన దారినే తిరిగి వెళ్లమన్నాడు. హజాయేలు, యెహూ, ఎలీషాలను అభిషేకించమని మూడు పనులు చెప్పాడు. బయలుకు మోకరించనివాళ్లు ఇంకా 7,000 మంది ఉన్నారని లెక్క సరిచేశాడు. అంతే. కొండ మీద దొరికింది కొండ దిగమనే మాట.

ఆత్మపరీక్షకు నాకు దొరికిన కొలబద్ద ఇదే. వాక్యం చదివాక మనసు బరువెక్కిందా తేలికపడిందా అన్నది లెక్కలోకి రాదు. చేయవలసిన పని ఒకటి, చిన్నదైనా, పేరుతో సహా చేతికొచ్చిందా లేదా అన్నదే లెక్క. అద్దంలో ముఖం చూసుకుని వెంటనే అది ఎలా ఉందో మరిచిపోయేవాడి గురించి యాకోబు హెచ్చరించింది కూడా ఈ సంగతే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అస్తమానం తనను తాను తవ్వుకునేవాళ్లుంటారు. చేయని తప్పులకు కూడా తామే కారణమని కుంగిపోతారు. ఇంకొకరి చేతిలో దెబ్బలు తింటూ నా పాపమే ఇదంతా అనుకునే ఆడవాళ్లను మా సంఘంలోనే చూశాను. అలాంటివాళ్లకు నా ఈ గొడవ వర్తించదు. ఆరోగ్యవరంలో కూడా రోజూ ఎక్స్‌రే తీసేవాళ్లు కాదు. తీసింది చూసి, చేయాల్సింది చేసి, రోగిని గాలీ వెలుతురూ ఉన్న చోట పడుకోబెట్టేవాళ్లు. కార్డుల మీద ఉన్న వాగ్దానాలు ఆ గాలీ వెలుతురూ. అవి ఉండాల్సిందే. వాటితో పాటు ఎక్స్‌రే కూడా ఒకసారి తీయించుకోవాలంటున్నాను.

సాయంత్రం బస్సు కొండ దిగుతుంటే జక్కయ్య గుర్తొచ్చాడు. యేసును చూడాలని మేడిచెట్టెక్కి కూర్చుంటే, త్వరగా దిగి రమ్మని పిలిపించుకున్నవాడు. దిగి, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. దావీదు పరాయివాడికి వేసిన శిక్షను జక్కయ్య తనకు తానే వేసుకున్నాడు. ఆయన ఎక్కింది మేడిచెట్టు, నేను ఆరేళ్లుగా దిగకుండా కూర్చున్నది చింతచెట్టు.

మదనపల్లెలో బస్సు మారి పుంగనూరు బస్సెక్కాను. ఊరికి వచ్చే దారిలో తమ్ముడి ఇల్లు ముందు స్టేజీలో వస్తుంది, మా ఇల్లు తర్వాతి స్టేజీలో. ఆరేళ్లుగా ఆ ముందు స్టేజీ రాగానే కిటికీలోంచి రెండో వైపు చూడటం అలవాటు. ఆ రోజు కండక్టరు అరవగానే సంచి తీసుకుని దిగాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. అనుకుంటే పాత పాఠమే నోటికొస్తుందని భయం.

తమ్ముడు ఇంట్లో లేడు. మరదలు నన్ను చూసి ఒక నిమిషం గడపలోనే నిలబడిపోయింది. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి, మంచం వాల్చింది.

"కూసోండి బావా, వస్తాడు," అంది.

కూర్చున్నాను.